జేబులో సిస్టమ్

మా కాలనీ సంఘానికి నేను ఐదు అర్జీలు ఇచ్చాను. మొదటి రెండూ చేతిరాతవి. మూడోది టైపు చేసింది. నాలుగోదాన్ని నాలుగిళ్ళ అవతల ఉన్న సెక్రటరీ గారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఐదోది సర్వసభ్య సమావేశంలో చదవడానికి లేచి నిలబడితే మైకు కట్టేశారు. ఒక్కదానికీ జవాబు లేదు. అందాయని గానీ, అందలేదని గానీ చెప్పినవాళ్ళు లేరు.

జవాబు రాకపోవడం నాకు కొత్త కాదు. భవానీపురంలో మా వీధి చివర దీపం గురించి రాసిన ఉత్తరాల నకళ్ళు ఒక ఫైలు నిండా ఉన్నాయి. అయితే దీపం ఆర్పింది నేనేనని ఎవరూ అనలేదు. సంఘం కంప్యూటర్ విషయంలో మాత్రం దాన్ని చంపింది నేనేనన్నారు. అర్జీలో మూడో పేరా దాకా చదివే ఓపిక ఎవరికీ లేదని తేలింది కాబట్టి, ఇక్కడ మొదటినుంచీ రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. నేను మైలవరంలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో గుమాస్తాని. పొద్దున్నే బస్సెక్కి ఇబ్రహీంపట్నం మీదుగా వెళ్ళి, సాయంత్రం అదే దారిన వచ్చేవాణ్ణి. ఇంట్లో కంప్యూటర్ లేదు. కాలేజీలో ఉన్నది ప్రిన్సిపాల్ గారి గదిలో గుడ్డ కప్పుకుని ఉండేది. నా ఉత్తరాలూ, అర్జీలూ టైపు చేసుకోవాలంటే నెట్ సెంటర్లే గతి.

ఆ సెంటర్లలో పెన్‌డ్రైవ్ పెట్టడమంటే తెలిసి తెలిసి జ్వరం తెచ్చుకోవడమే. పెట్టి తీసేలోపు లోపల వైరస్ చేరేది. మన ఫోల్డరు పేరుతోనే ఇంకేదో కూర్చునేది. నొక్కితే మనం రాసుకున్నది రాదు, అది పరిగెత్తుతుంది. అలా నా ఉత్తరాలు రెండుసార్లు పోయాయి. ఇబ్రహీంపట్నంలో సెంటర్ నడిపే ఆయన్ని అడిగితే, "మా సిస్టమ్స్ అన్నీ క్లీనండీ. మీరే ఎక్కడో అంటించుకుని మావాటికి ఎక్కిస్తున్నారు," అన్నాడు. పక్క కుర్చీల్లో వాళ్ళు నవ్వారు. ఆ సెంటర్ మూతబడి ఇప్పుడక్కడ టైర్ల షాపు ఉంది. నాకు ఆ మాట మాత్రం పోలేదు.

అప్పుడే బస్టాండులో కొన్న ఒక కంప్యూటర్ పత్రికలో చదివాను. సిస్టమ్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోనే పెట్టుకోవచ్చట. పత్రికతో పాటు లినక్స్ సీడీ కూడా ఇచ్చారు. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి కంప్యూటర్‌కి తగిలించి ఆన్ చేస్తే, కంప్యూటర్ తన లోపలి విండోస్‌ని లేపకుండా, మన డ్రైవులో ఉన్న లినక్స్‌తో లేస్తుంది. పని అయ్యాక ఆపేసి డ్రైవు తీసేసుకుంటే, ఆ కంప్యూటర్ ఎప్పటిలాగే ఉంటుంది. మన ఉత్తరాలూ, మన అమరికా మన డ్రైవులోనే ఉంటాయి. లోపలి హార్డ్ డిస్క్‌లో వైరస్‌లు ఎన్నున్నా వాటి జోలికి మనం పోము, మన జోలికి అవి రావు.

గవర్నర్‌పేటలో ఒక పెన్‌డ్రైవ్ కొన్నాను. ఆ షాపులో అమ్మకానికి పెట్టిన కంప్యూటర్ మీద దాన్ని తయారు చేయడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. మూడుసార్లు నల్ల తెర మీద గీత ఒకటి మిణుకుమిణుకుమంటూ ఉండిపోయింది. నాలుగోసారి లేచింది. నా పేరుతో, నేను ఎంచుకున్న రంగుతో నా డెస్క్‌టాప్ తెర మీదికొచ్చింది. ఆ సంతోషం ఇంట్లో చెబితే మా ఆవిడ అంది:

"బాగుందండీ. సిస్టమేమో జేబులో ఉంది. ఇక కంప్యూటరొక్కటే తక్కువ."

తక్కువే. పైగా ఉన్నవాళ్ళు దగ్గరికి రానివ్వలేదు. పెన్‌డ్రైవ్‌తో లేవాలంటే, కంప్యూటర్ ఆన్ కాగానే ఒక మీట నొక్కి, ఒక నీలం తెరలోకి వెళ్ళి, ముందు దేన్ని వెతకాలో దానికి చెప్పాలి. హార్డ్ డిస్క్‌నా, సీడీనా, పెన్‌డ్రైవ్‌నా అని. మైలవరం సెంటర్లో ఆ నీలం తెర చూడగానే యజమాని కౌంటర్ దూకినంత పని చేశాడు.

"ఏం చేస్తన్నారండీ? హ్యాకింగా?"

"కాదండీ, నా సిస్టమ్ నేను తెచ్చుకున్నాను."

"మా దగ్గర సిస్టమ్ లేకనా? హోటల్‌కెళ్ళి క్యారేజీ విప్పుతారా ఎవరన్నా? లేవండి సార్, లేవండి."

లేచాను. ఇంకో సెంటర్లో ఆ తెరకి పాస్‌వర్డ్ ఉంది. మరొకచోట కంప్యూటర్ ఎంత పాతదంటే, దానికి పెన్‌డ్రైవ్‌తో లేవడం అనేదే తెలియదు. నెల రోజులు నా సిస్టమ్ నా చొక్కా జేబులోనే ఊరు తిరిగింది.

చివరికి చోటు దొరికింది మా కాలనీ సంఘంలో. సంఘం హాలు పక్క గదిలో ఎవరో దానమిచ్చిన కంప్యూటర్ ఒకటి ఉండేది. సెక్రటరీ గారు థర్మల్ స్టేషన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన్ని అడిగి ఆదివారం పొద్దున రెండు గంటలు వాడుకోవడానికి ఒప్పించాను. దాచలేదు. "నా సొంత సిస్టమ్ పెట్టుకుంటానండీ. మీదాన్ని ముట్టుకోను. ముందు పెన్‌డ్రైవ్‌ని వెతకమని మాత్రం ఒక సెట్టింగ్ మారుస్తాను," అని చెప్పాను. ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే, "ఏదో ఒకటి కానివ్వండి. వెళ్ళేటప్పుడు ఫ్యాను మాత్రం కట్టండి," అన్నారు.

సెట్టింగ్ మార్చాను. మార్చి అలాగే వదిలేశాను. ప్రతి ఆదివారం మళ్ళీ నీలం తెరలోకి వెళ్ళక్కర్లేదని. పెన్‌డ్రైవ్ లేకపోతే అది మామూలుగా విండోస్‌తోనే లేస్తుంది. ఎవరైనా పెన్‌డ్రైవ్ పెట్టినా కంప్యూటర్ లేచాకే పెడతారు. నెలల తరబడి ఏ ఇబ్బందీ రాలేదు. ఇది నా తప్పే. మొదటి అర్జీలో మూడో పేరాలో నేనే ఒప్పుకున్నాను.

ఆ గదిలోనే మాస్టారు నాకు దగ్గరయ్యారు. తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. వాళ్ళ నాన్నగారు బందరు కాలవ మీద ఒక లాకు దగ్గర పనిచేసేవారట. కాలవల్లో పడవలు నడిచిన రోజుల గురించి మాస్టారు పుస్తకం రాస్తున్నారు. లాకు తలుపులు ఎలా తీసేవారు, పడవలో వంట ఎక్కడ చేసేవారు, ఎదురుగాలికి తాడు కట్టి గట్టు మీంచి ఎలా లాగేవారు, ఇవన్నీ. కాగితం మీద రాయలేదు. చెయ్యి వణుకుతుంది. కుడిచేతి చూపుడువేలొక్కదానితో, ఒక్కో అక్షరం నొక్కి, సూటిగా కంప్యూటర్లోనే. టైపింగ్ నేర్పింది నేను.

"ఏమయ్యా, నీ 'ణ' ఎక్కడ దాచావు?" అనేవారు.

"అక్కడే ఉంది మాస్టారూ, షిఫ్ట్ నొక్కి పట్టుకోండి."

"ఒక వేలుతో రాసేవాణ్ణి రెండు మీటలు నొక్కమంటావు. ఎక్కడి న్యాయమయ్యా ఇది?"

ఆయన పనంతా విండోస్‌లో. ఫైలు కళ్ళెదుట ఉండాలని డెస్క్‌టాప్ మీదే పెట్టుకునేవారు. ఎన్నిసార్లు చెప్పినా లోపలి ఫోల్డర్లలో పెట్టనిచ్చేవారు కాదు. "తలుపు తీయగానే కనపడాలి నాకు," అనేవారు. ఒక ఏడాది గడిచేసరికి పుస్తకం చాలావరకు అయింది. "దీని నకలు ఇంకెక్కడా లేదు మాస్టారూ. ఒక పెన్‌డ్రైవ్ కొనుక్కోండి, కాపీ చేసుకుందాం," అన్నాను.

"పండగ వస్తోందిగా. మంచిరోజు చూసి మొదలుపెడదాం," అన్నారు.

ఆ దసరాకి మేము దివిసీమలో మా అత్తగారింటికి వెళ్ళాం. నవమి నాడు సంఘంలో ఆయుధ పూజ. హాల్లో నీళ్ళ మోటారుకి, నిచ్చెనకి, కంప్యూటర్‌కి పసుపు కుంకుమలు పెట్టి దండలు వేశారు. పూజ చేశాక ఉద్వాసన చెప్పేదాకా వేటినీ కదపరు. ఏకాదశి నాటి పొద్దున ఉద్వాసన చెప్పి కంప్యూటర్ ఆన్ చేశారు. దశమి రాత్రే ఊరినుంచి తిరిగొచ్చిన నేను అప్పటికి డ్యూటీకి బయల్దేరాను. బస్సు కొండపల్లి దాటుతుండగా సెక్రటరీ గారి ఫోన్.

"ఏమండీ, ఏం చేశారు మా కంప్యూటర్ని? లేవటం లేదు."

"తెర మీద ఏమొస్తోందండీ?"

"డిస్కులు, ఇంకా ఏవో తీసెయ్యమని ఇంగ్లీషులో వస్తోంది. సీడీ పెట్టే అర తెరిచి చూశాం. ఖాళీ. అంటే ఇక లోపలి డిస్కే తీసెయ్యమనేగా?"

"అయ్యో కాదండీ! ముందువైపు ఏదన్నా పెన్‌డ్రైవ్ పెట్టి ఉందేమో చూడండి. అది తీసి మళ్ళీ ఆన్ చేస్తే చాలు."

"ఏమీ లేదండీ, దండ తప్ప."

"దండ ఎత్తి చూడండి."

"ఇప్పుడే ఉద్వాసన చెప్పాం, ఇంకా పూలన్నా వాడలేదు. మీరు నాకు చెప్పకండి. మీ సిస్టమేదో మాదాంట్లో దూరి కూర్చుంది."

"సార్, దాన్ని అలాగే వదిలెయ్యండి. సాయంత్రం నేనొచ్చి రెండు నిమిషాల్లో..."

ఫోన్ పెట్టేశారు. బస్సు దిగి ఎదురు బస్సు ఎక్కాల్సింది. ఎక్కలేదు. అప్పటికే ఆ నెలలో రెండుసార్లు ఆలస్యంగా వెళ్ళి మాట పడ్డాను. మైలవరం చేరాక మూడుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. సాయంత్రం వచ్చేసరికి బల్ల మీద మానిటర్ ఒక్కటే ఉంది. సీపీయూని వన్‌టౌన్‌లో మెకానిక్ దగ్గరికి పంపేశారు. నేను ఆ షాపుకి పరిగెత్తాను. మెకానిక్ కుంకుమ బొట్లు గుడ్డతో తుడుస్తున్నాడు.

"ఆన్ చేసి చూశారా?" అన్నాను.

"చూడటం దేనికండీ? వేరే సిస్టమ్ దూరింది, మొత్తం తుడిచేసి కొత్తగా వెయ్యమన్నారు. తుడిచాను, వేశాను."

"ఫైళ్ళు?"

"డీ డ్రైవులోవి ముట్టుకోలేదు సార్. సీలోవి పోతాయి గదా. ముఖ్యమైనవి ఏమన్నా ఉన్నాయా అని ఫోన్ చేసి మరీ అడిగా. ఏమీ లేవన్నారు."

డెస్క్‌టాప్ ఉండేది సీ డ్రైవులోనే. అంటే మాస్టారి కాలవలు, లాకులు, పడవలు అన్నీ ఆ మధ్యాహ్నం పోయాయి. మీద కొత్త విండోస్ వేసేశాడు. తిరిగి తీయడానికి ఏమన్నా మార్గముందా అని అడిగితే, "హైదరాబాద్‌లో చేస్తారంటారు, చూసినవాళ్ళెవరూ లేరు," అన్నాడు.

ఆ ఆదివారం సంఘం బోర్డు మీద నోటీసు పెట్టారు. కార్యదర్శి అనుమతి లేకుండా బయటి సిస్టములు తెచ్చువారు కంప్యూటరును ముట్టరాదు అని. పేరు రాయలేదు. కాలనీలో జేబులో సిస్టమ్ పెట్టుకుని తిరిగేది ఎంతమంది? పాలకేంద్రం దగ్గర ఒకాయన, "మీ దగ్గర కరెంటు మీటర్ని చంపేది కూడా ఉందటగా, మాకూ ఓసారి ఇవ్వండి," అన్నాడు. దాన్నీ భరించాను. మాస్టారు మాత్రం నన్ను చూసి అవతలి పక్కకి వెళ్ళిపోయారు. దాన్ని భరించలేకపోయాను.

ఒకరోజు వాళ్ళ గేటు దగ్గర ఆపి చెప్పాను. "నేను తుడవలేదు మాస్టారూ."

"నువ్వు మార్చావా, లేదా?"

"సెట్టింగ్ మార్చాను. కానీ దాని వల్ల ఒక్క అక్షరం కూడా..."

"మార్చావు. చాలు. ఓపికుంటే మళ్ళీ మొదలుపెడతాను. నీ సాయం వద్దు."

అర్జీలు అప్పుడు మొదలుపెట్టాను. ప్రతి అర్జీలో రెండే ప్రశ్నలు. ఆ రోజు కంప్యూటర్ ముందువైపు ఎవరిదైనా పెన్‌డ్రైవ్ పెట్టి ఉందా? మెకానిక్‌తో మొత్తం తుడిచెయ్యమని చెప్పింది ఎవరు? తెర మీద వచ్చిన మాటలే సాక్ష్యం. సిస్టమ్ లేని మామూలు పెన్‌డ్రైవ్‌ని ముందు వెతికి, అందులో ఏమీ దొరక్క, దాన్ని తీసెయ్యమని కంప్యూటర్ తనంతట తనే అడిగింది. తీసి ఉంటే లేచేది.

రెండేళ్ళు అలా గడిచాయి. మాకు అమ్మాయి పుట్టింది. సంఘం హాల్లో పోలియో చుక్కల శిబిరం పెడితే, పాపని ఎత్తుకుని నేనూ లైన్లో నిలబడ్డాను. చుక్కలకి రావద్దని నోటీసులో లేదు కాబట్టి ఎవరూ ఆపలేదు. గోడ మీద పండగల ఫోటోలు ఫ్రేములు కట్టించి పెట్టారు. అందులో ఆ దసరాది ఒకటి. సెక్రటరీ గారు హారతిస్తున్నారు. పక్కన మాస్టారు చేతులు జోడించి ఉన్నారు. సీపీయూకి బంతిపూల దండ. ఆ దండ అంచు కింద నుంచి, బొటనవేలంత ఆకుపచ్చటి ముక్క ఒకటి బయటికి పొడుచుకుని ఉంది. దాని మీద కూడా కుంకుమ బొట్టు.

పాపని మా ఆవిడకిచ్చి ఫ్రేము గోడమీంచి తీశాను.

"ఏమండీ, అందరూ చూస్తున్నారు!" అంది.

"చూడనీ. రెండేళ్ళ నుంచి చూడమనేగా చెబుతున్నాను."

సెక్రటరీ గారు ఊళ్ళో లేరు. ఉన్నా నేను ముందు వెళ్ళేది మాస్టారి దగ్గరికే. ఆయన వరండాలో కూర్చుని ఉన్నారు. ఫ్రేము ఒళ్ళో పెట్టి, వేలు పెట్టి చూపించాను.

"చూడండి మాస్టారూ. ఎవడో మహానుభావుడు పెన్‌డ్రైవ్ పెట్టి మరిచాడు. మొత్తం దీనివల్లే. రెండేళ్ళు నన్ను దోషిని చేశారు."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఎవడో కాదయ్యా. నాదే."

నేను ఫోటో మీద పెట్టిన వేలు తీసేశాను.

"నువ్వు కొనమన్నావుగా. కొన్నాను. కొత్త వస్తువు, దానికీ పూజ జరుగుతుందని నేనే గుచ్చాను. ఉద్వాసన అయ్యాక కాపీ చేద్దామని. తీరా అది లేవలేదన్నారు. సీపీయూని పట్టుకెళ్ళేటప్పుడు దండతో పాటు నేనే తీసి జేబులో వేసుకున్నాను. బీరువాలో ఉంది. ఖాళీది." ఫోటోని తిప్పి నా చేతికిచ్చారు. "అయితే నా పుస్తకాన్ని నా చేత్తో నేనే ముంచుకున్నానన్నమాట."

"కాదు మాస్టారూ! పెన్‌డ్రైవ్ దేన్నీ చెరపదు. నా సెట్టింగూ చెరపదు. రెండూ కలిసి కంప్యూటర్‌ని గుమ్మంలో ఆపాయి, అంతే. లోపల మీ పుస్తకం చెక్కుచెదరకుండా ఉంది. తుడిచింది తర్వాత. తుడిచెయ్యమని చెప్పాకే."

"పొద్దుపోతోంది. పాప ఎదురుచూస్తూ ఉంటుంది. వెళ్ళిరా."

మర్నాడు వెళ్ళి మళ్ళీ చెప్పాను. ఆ పై ఆదివారం కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. ఆయన వింటారు, తలూపుతారు, చివర, "నేనే పెట్టానుగా," అంటారు. "మీరు చెప్పండి, నేను టైపు చేస్తాను," అంటే, "ఇంక వద్దులేవయ్యా," అంటారు. నా మీద కోపంగా ఉన్న రెండేళ్ళూ మళ్ళీ రాస్తానని అందరితో చెబుతూ ఉండేవారట. ఆ కోపాన్ని నేను ఫోటో పట్టుకెళ్ళి పోగొట్టాను. దాంతోపాటు మళ్ళీ రాయాలన్న పట్టుదలా పోయింది. నేను గెలవడానికి తీసుకెళ్ళిన సాక్ష్యం అది. ముందు అది ఎవరిదో కనుక్కుని ఉంటే, దాన్ని గోడమీదే వదిలేసేవాణ్ణి. ఈ మాట నేను అర్జీలో రాయలేదు.

సెక్రటరీ గారూ, ఇది మీకు. నా మీద పెట్టిన నోటీసు అలాగే ఉండనివ్వండి. పెన్‌డ్రైవ్ ఎవరిదనే ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నాను. సెట్టింగ్ తప్పు నాదని మళ్ళీ రాసిస్తాను. నా మాట ఆయన నమ్మటం లేదు. తప్పించుకోవడానికి చెబుతున్నానని కొంత, ఓదార్చడానికి చెబుతున్నానని కొంత అనుకుంటున్నారు. మీ మాట నమ్ముతారు. మెకానిక్ ఫోన్ చేసి ముఖ్యమైనవేమన్నా ఉన్నాయా అని అడిగినప్పుడు, పక్క వీధిలో ఉన్న మాస్టారిని ఒక్క మాట అడగకుండా ఏమీ లేవన్నది ఎవరు? ఆయన ఉదయం పది గంటల దాకా వరండాలోనే ఉంటారు. వచ్చి, ఆయన ఎదురుగా కూర్చుని, తుడిచెయ్యమన్నది నేనే మాస్టారూ అని చెప్పండి. ఆయనకి ఆ పుస్తకం మళ్ళీ మొదటినుంచీ చెప్పి రాయించే ఓపిక ఉండగానే చెప్పండి. నాకు జవాబివ్వకపోయినా ఫర్వాలేదు. ఆయనకి ఇవ్వండి.